ఇనుపరెక్కను ఎక్కడ మొదలుపెట్టాలి

1. ఇడ్లీలమ్మే అచ్చియ్యమ్మ చోడవరంలోని నా అద్దె పుస్తకాల షాపుకు వచ్చి, ఎవరూ అంతగా అడగని 'ఇనుపరెక్క' వీరుడి కామిక్స్ కావాలంది.

2. "సోమారానికి ఒకటి పూర్తిగా సదవాల బాబూ. నేకపోతే పరువు పోద్ది."

3. పిల్లల బడిలో పందెం కాబోలనుకుని, కొత్త పాఠకులు ఎక్కడ మొదలుపెట్టాలో రాసుకున్న నా జాబితా ప్రకారం పద్నాలుగో సంచిక ఇచ్చాను. కథ అక్కడే రక్తి కడుతుంది.

ఆమె అన్నీ తిరగేసి ఇరవైమూడోది పట్టుకుంది.

"అందులో శత్రువు అతని గొంతు దొంగిలిస్తాడమ్మా. పేజీకి ఒకటే మాట: ఆగు, పద, రా. పిల్లలకు విసుగు."

"ఆళ్లకేటి, గడగడా సదివేత్తారు. ఇది నాకు. రాత్తిరి బడిలో సేరి మూణ్ణెల్లే, ఒత్తులింకా రానేదు."

జాబితాలో పద్నాలుగు కొట్టేసి, కొత్త పాఠకులు ఇరవైమూడుతో మొదలుపెట్టాలని రాశాను.

ఆదివారం, సాయంత్రం 5.20.
బొడ్డేడ వీర పరదేశి