భుజం మీద చెయ్యి

కొల్లూరు లంకల్లో నా అంత నికార్సుగా కథ చెప్పేవాడు ఇంకొకడు లేడు. చూసింది చూసినట్టే చెబుతాను, చిటికెడు కూడా కలపను. గోపాలకృష్ణ పెద్దకర్మ నాడు షామియానా కింద మూడువేల మంది కూర్చుని ఉన్నారు. కొడుకు కృష్ణకాంత్ చామంతి దండ పట్టుకుని తండ్రి ఫోటో దగ్గరికి నడిచాడు.

"ఆగరా! దండ వెయ్యమాక!"

అరిచింది మంగాయమ్మ. పోయినాయనకు అక్క, ఎనభై రెండేళ్ళ మనిషి. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఫోటో అద్దం మీద వేలు పెట్టింది.

"ఇదేంట్రా?"

అందరూ వంగి చూశారు. నవ్వుతున్న గోపాలకృష్ణ భుజం మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి. వెనక నుంచి ఎవరో చెయ్యి వేశారు. మనిషి లేడు, మణికట్టు లేదు, వేళ్ళే మిగిలాయి.

"మన ఆమని పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో అత్తా. మిగతావాళ్ళను తీసేయించి, నాన్న ఒక్కడే ఉండేటట్టు తెనాలిలో చేయించాను. ఈ వేళ్ళు నేను చూసుకోలేదు."

"ఒక్కడే ఉన్న ఫోటో ఒక్కటీ దొరకలేదా?"

దొరకలేదు. ఫోటో తీస్తామంటే చాలు, ఆయన వీధిలో పోయేవాళ్ళను కూడా పిలిచి పక్కన నిలబెట్టుకునేవాడు. ఆధార్ కార్డులో ఒక్కడే ఉన్నాడు గానీ, దాంట్లో ఆయన్ను ఆయనే గుర్తుపట్టలేదు.

"దండ వేసిన ఫోటోలో బతికున్నవాళ్ళ గోరు కూడా ఉండకూడదు. ఉంటే ఏడాది తిరక్కుండా వాళ్ళూ పోతారు" అంది మంగాయమ్మ.

లంకలో ఇలాంటివి నమ్మేవాళ్ళు నమ్ముతారు. చదువుకున్నవాళ్ళు నమ్మరు గానీ భయపడతారు.

"దాని మీద ఓ పువ్వు అంటిద్దామండి, కనపడదు" అన్నాడు అల్లుడు కరుణాకర్.

"పువ్వు పెడితే చెయ్యి మాయమైపోద్దా, అల్లుడూ?"

"పోనీ, దండ మానేద్దాం" అన్నారెవరో.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న భార్య వేదవతి కళ్ళెత్తింది. "ఆయన్ని బోసి మెడతో పంపిస్తారా వదినా?"

మంగాయమ్మ కర్ర మీద గడ్డం ఆనించింది. "అయితే ఒకటే దారి. ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళే ముందుకొచ్చి, నాదే, నాకేమైనా పరవాలేదు అనాలి. అప్పుడు వేద్దాం. లేదంటే దండా లేదు, గిండా లేదు."

పెళ్ళి ఫోటోలో ఆయన వెనక పదిహేను మంది ఇరుక్కుని నిలబడ్డారు. వాళ్ళలో ఎవరిదైనా కావచ్చు.

"ఏరా ఏడుకొండలూ, నీదేమైనానా?" అని తమ్ముడి చిన్ననాటి స్నేహితుణ్ణి అడిగింది మంగాయమ్మ. అతను దగ్గర్లోనే కూర్చున్నాడు.

"నాదా? నేనా పూటంతా భోజనాల బల్ల వదిలి కదల్లేదక్కా!"

మూడువేల మందీ ఊపిరి బిగబట్టారు. మూడువేలు అన్నానా? ఆ రోజు లేచిన విస్తళ్ళు మూడువందల పది. ఒక సున్నా ఎక్కువ పడింది, ఏమీ అనుకోకండి.

"నాదే" అంది వేదవతి.

"నువ్వు ముందు కుర్చీలో కూర్చున్నావు కదే!"

"కూర్చుంటే ఏంటి? నాదే."

"అమ్మది కాదత్తా, నాది" అన్నాడు కృష్ణకాంత్.

"నాదండి" అన్నాడు కరుణాకర్.

"తాతయ్య భుజం మీద నేనే వేశాను మామ్మా" అంటూ మనవరాలు ఆమని వచ్చింది.

"పెళ్ళికూతురివి, ఈ వేళ్ళకు గోరింటాకేదే?"

"కడిగేసుకున్నా!"

వెనక వరసలోంచి కూరగాయలమ్మే కోటిరత్నం లేచింది. "అది నా చెయ్యండి, పెద్దమ్మగారూ."

"నువ్వసలు పెళ్ళికే రాలేదు!"

"రాలేదండి. జొరంతో పడుంటే, మనవరాలి పెళ్ళి పెట్టుకుని కూడా ఆయనే కేరేజీ పట్టుకొచ్చి నాకు అన్నం పెట్టాడు. ఆ చెయ్యి నాదేనండి, వేయించండి దండ."

ఇక వరస ఆగలేదు. పడవ నడిపేవాడు నాదన్నాడు. బడి పంతులు నాదన్నాడు. ఏటా మొదటి అరటి గెల కోస్తే గోపాలకృష్ణ తన ఇంటికంటే ముందు ఎవరెవరి ఇళ్ళకు ఆ పళ్ళు పంపేవాడో, ఆ ఇళ్ళవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నాలుగు వేళ్ళ కోసం నలభై మంది పోటీ పడ్డారు. మంచి చీర కోసమో, ముందు సీటు కోసమో జనం తోసుకోవడం చూశాను. చావును నాకివ్వండంటే నాకివ్వండని తోసుకోవడం మాత్రం ఈ డెబ్భై ఆరేళ్ళలో అదే చూడటం. ఎవరూ ఏడవడం లేదు, అలాగని ఎవరి కళ్ళూ పొడిగా లేవు.

మంగాయమ్మ ఫోటో వంక చూసింది. "ఏం మనిషివిరా తమ్ముడూ!" అంది. తర్వాత జనం వైపు తిరిగి కర్ర ఎత్తింది. "మీ ఎవరిదీ కాదు, కూర్చోండి. అది నాది. నాకింక ఏడాదంటే ఎక్కువే. వెయ్యరా కృష్ణా!"

దండ పడింది.

ఏడుకొండలు మాత్రం లేవలేదు. ఆ పెళ్ళిలో "నవ్వరా" అంటూ గోపాలకృష్ణ భుజం మీద చెయ్యి వేసింది అతనే. అది అతనికి బాగా గుర్తుంది. అందరూ లేచినప్పుడు కుర్చీలో ఇంకాస్త కిందికి జారి, ఆ చెయ్యి కండువాలో చుట్టేసుకున్నాడు. భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఈ కథలో నేను కల్పించింది ఇంకొక్కటి ఉంది. మా ఊళ్ళో ఏడుకొండలు అన్నవాడెవడూ లేడు. కండువాలో దాక్కున్న ఆ చెయ్యి నాదే.