నవాబుల గుండంలో

“ఆ నీళ్లు సలసల మసులుతయట గదనే అండాలూ! దిగంగనే వీని కాలు బొబ్బలెక్కితే ఏం గావాలె?”

ఎడ్లబండి ఇంకా కదలనే లేదు. ఉప్పలమ్మ అప్పటికే మనసులో కొడుకును ఒంటికాలి మీద నిలబెట్టేసింది. కోడలు అండాలు సద్దిమూట అందించి, మొహం పక్కకు తిప్పుకుంది.

“ఏం గాదు, పోయిరా అత్తమ్మా.”

తన మోకాళ్ల నొప్పిని ఏనాడూ పట్టించుకోని ఉప్పలమ్మ చక్రం పట్టుకుని, ఆపైన బండి తోలే పెద్దులు భుజం పట్టుకుని, ఎట్లాగో ఎక్కి కూర్చుంది.

కొడుకు వెంకటనర్సుది నారాయణపేటలో గుంటమగ్గం. పొద్దంతా గుంటలో కాళ్లాడించే పని. కొన్నాళ్లుగా కుడికాలు ముడవలేక, కూర్చున్నా లేచినా మూలుగుతున్నాడు. తల్లి పూసిన నూనెలేవీ పనిచేయలేదు. కొండల్లోని ఉడుకు గుండంలో నానితే కీళ్లు వదులవుతాయని వైద్యుడు అన్నాడంటూ ఒకరోజు వెంకటనర్సే వచ్చి చెప్పాడు. కొడుకు కాలు పడిపోతే మగ్గం మూలపడుతుంది. ఆ దిగులుతో ఉప్పలమ్మకు అన్నం సయించడం మానేసింది.

గుండం చుట్టూ రాతిమెట్లు. నీళ్ల మీద ఆవిరి, గంధకం వాసన.

“మా తాత గీడికి నవాబుల డేరాలు మోసిండు,” అన్నాడు పెద్దులు. “నెలలకు నెలలు దిగేటోళ్లట, బేగములు, నౌకర్లు, వంటోళ్లు! ఆయన మాత్రం ఒక్కనాడు కాలు తడుపలే. తడిపితే కొరడానే.”

“మనల గూడ కొడ్తరేమోరా!”

“ఎవడు కొడ్తడవ్వా? వాళ్ల రాజ్యం ఎప్పుడో పాయె. గిప్పుడు మనమే నవాబులం. దిగుండ్రి!”

వెంకటనర్సు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. “నాకు భయమైతాందమ్మా. నువ్వు పట్టుకుంటెనే దిగుత.”

“గంత మీసం పెట్టుకొని భయమేందన్నా!” పెద్దులు పగలబడి నవ్వాడు.

“నవ్వకు! ఆని బాధ నీకేమెరుక?” ఉప్పలమ్మ కొంగు బిగించి, కొడుకు జబ్బ పట్టుకుని, నడుము లోతు నీళ్లలోకి దిగింది.

గుండం పక్కనున్న సత్రంలో బస. అది మొదలు రోజూ ఇదే తంతు. జారిపడతాడేమో, నీళ్లలో పాముంటుందేమో అని ఆమె గొణుగుతూనే ఉండేది. ఇక చాలు రమ్మంటే అతను కదిలేవాడు కాదు. “ఇంకింతసేపుందామమ్మా. ఇప్పుడిప్పుడే మెత్తబడతాంది.” కొడుకు కోసం ఆమె వేళ్లు ముడతలు పడేదాకా ఆ నీళ్లలోనే నిలబడేది.

అమావాస్య దాటాక ఒక ఉదయం మెలకువ వచ్చేసరికి పక్కన కొడుకు లేడు.

“అయ్యో! ఒక్కడే దిగిండు! మునిగిండు!”

సత్రంలోంచి బయటపడి, రాళ్లూ రప్పలూ చూసుకోకుండా పరుగెత్తి, గుండం మెట్లు గబగబా దిగింది. నీళ్ల నడుమ వెంకటనర్సు నిటారుగా నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి గట్టిగా నవ్వుతున్నాడు.

“నిలబడ్డడు! నా కొడుకు నిలబడ్డడు!” ఆమె కేకకు సత్రంలోని జనమంతా ఉరికి వచ్చారు. పెద్దులు ఈలవేశాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నవాబుల మెట్ల మీద నేతగాడి తల్లి చీర పిండుకుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ అందరికీ కొబ్బరి పంచింది.

ఆ సాయంత్రమే తిరుగుప్రయాణం. ఏటవాలు దారిలో ఎడ్లకు బరువవుతుందని ముగ్గురూ దిగి నడిచారు. ఉప్పలమ్మ అందరికంటే ముందు నడుస్తూ, నోరు మూయకుండా మాట్లాడుతూనే ఉంది.

“ఏ దినం నుంచి తేలికయిందిరా నర్సూ? నొప్పి మల్ల రాదు గద? చెప్పవేందిరా?”

వెంకటనర్సు తల వంచుకుని నడిచాడు. ఎక్కుడంతా ఎక్కినా పెదవి విప్పలేదు. గుట్ట మీదికి చేరాక ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. మొహంలో మళ్లీ భయం.

“అయ్యో దేవుడా! కాలు బాగయి నోరు పడిపోయిందారా?”

అతను ఎక్కుడెక్కి వచ్చిన తల్లి మోకాళ్ల వైపు చూసి నవ్వాడు.

“నా కాలికి ఎన్నడూ ఏం గాలేదమ్మా.”