మూగ ఊఫర్

లక్ష్మీప్రసాద్ ముక్కుకి ఇంట్లో ఒకటే దిక్కు తెలుసు, అది వంటిల్లు. వీధి చివర కాలువ పొంగినా, గుమ్మం ముందు కుక్క చచ్చినా, ఆ ముక్కు తిరిగేది భార్య భాగ్యరేఖ పొయ్యి వైపే.

"మళ్లీ అదే కంపు!" ఆదివారం సాయంత్రం హాలు మధ్యన నిలబడి లుంగీ కొస ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఎండు చేపలు! వారం నుంచీ మొత్తుకుంటన్నాను. రేపొద్దున చెత్త బండి రాగానే ఆ డబ్బా అందులో పడాలి."

"డబ్బా మూత బిగించి బాల్కనీలో ఉందండీ. కంపు హాల్లో ఉంది," అంది భాగ్యరేఖ.

ఆ డబ్బాలో ఉన్నవి నెత్తళ్లు. ఆమె తల్లి భీమిలి నుంచి దోరగా వేయించి పంపినవి. మళ్లీ రావాలంటే ఏడాది ఆగాలి.

"మరైతే సగం ఏటైపోనాయి? నువ్వే తింటన్నావు. తిన్న చేతుల్తో హాలంతా తిరగతన్నావు."

ఆమె తిన్నది రెండుసార్లు. మిగతావి పక్కింటి పిల్లి పని అనుకుందామంటే, మూత తీసి, తిని, మళ్లీ బిగించి పోయే పిల్లిని ఆమె ఇంతవరకు చూడలేదు. ఆ పిల్లి లుంగీ కడుతుందేమోనని ఆమె అనుమానం.

కంపు మాత్రం అబద్ధం కాదు. ఉక్కు కార్ఖానా వాళ్లుండే రుఆబాంధా కాలనీలో నాలుగు రోజులుగా ముసురు. తడిసిన గోనెసంచిలో చచ్చిన ఎలకని చుట్టి మొహం మీద పెట్టినట్టుంది. అగరొత్తులు వెలిగిస్తే ఆ ఎలకకి గంధం పూసినట్టయింది. పొద్దున సోఫా కింద ఊడిస్తే చీపురు కొసకి ఓ తెల్ల పురుగు అంటుకుని వచ్చింది. భాగ్యరేఖ ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లగా ఉంటుంది కదా మరి.

"ఆదోరం పూట గొడవేట్రా? ఆ డబ్బా ఏటి చేసింది నిన్ను? ఉండనీ," అంది లక్ష్మీప్రసాద్ తల్లి నూకమ్మ, కుర్చీలోంచి. బీపీ పెరిగిందని డాక్టరు ఆమెకి ఉప్పు మానిపించాడు. చప్పటి రాగిజావ ఓ గుక్క తాగి, గ్లాసు పక్కనే ఉన్న నల్లటి ఊఫర్ పెట్టె మీద పెట్టింది.

ఆ ఊఫర్ కొత్త హోమ్ థియేటర్‌తో పాటు వచ్చింది. రెండు నెలలైంది. కూతలేదు, మోతలేదు. గ్లాసులు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

"ఆరింటికి మా కార్ఖానా రామమోహనరావు భయ్యా వస్తాడు. ఇది విని, నచ్చితే ఇలాంటిదే కొంటాడట," అన్నాడు లక్ష్మీప్రసాద్.

"ఏం వినిపిస్తారు? ఊఫర్ పలకదు కదా. స్పీకర్ సైజు స్మాల్ పెట్టి, క్రాసోవర్ ఎనభై హెర్ట్జ్ పెట్టమని పుస్తకంలో ఉంది. అప్పుడు బేస్, అంటే డప్పు మోతంతా, ఊఫర్‌కి పోతుంది. మీరు లార్జ్ పెట్టారు. అంతా ఆ పెద్ద స్పీకర్లే మింగేస్తుంటే దానికేం మిగుల్తుంది?"

"నడుమెత్తు స్పీకర్లు కొని స్మాల్ అని రాసుకోవాలేటి? మా ప్లేట్ మిల్లులో ఎవడైనా వింటే నవ్వుతాడు."

రామమోహనరావు ఆరు కాకుండానే మరోదా కాలనీ నుంచి వచ్చాడు. గొడుగు మూలన పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో సరిగ్గా ఊఫర్‌కి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోగానే మొహం చిట్లించాడు.

"అరే యార్, ఏటో బద్బూ వస్తంది."

"మా ఆవిడ ఎండు చేపలు, భయ్యా. ఎంత చెప్పినా వినదు. రేపు బండిలో పారేయిస్తన్నాను."

పరాయివాడి ముందు! భాగ్యరేఖ చెవులు వేడెక్కాయి. మొగుడు పాటల పెన్‌డ్రైవ్ వెతుక్కుంటూ లోపలికి వెళ్లగానే రిమోట్ అందుకుంది. లార్జ్ తీసి స్మాల్. క్రాసోవర్ ఎనభై. పనిలో పనిగా ఊఫర్ సౌండు ఇంకో ఆరు మెట్లు పైకి. రిమోట్ ఉన్నచోటే పెట్టి, పకోడీల పళ్లెం తెచ్చింది.

లక్ష్మీప్రసాద్ వచ్చి డప్పుల పాట పెట్టాడు.

"విను భయ్యా. ఇదీ లార్జ్ అంటే!"

ధన్!

ఊఫర్ మీది గ్లాసు ఎగిరి కింద పడింది. పెట్టె ముందున్న గుండ్రటి బొక్క ఉఫ్‌మని గాలి వదిలింది. లోపల పేరుకున్న కుళ్లు కంపు తిన్నగా వెళ్లి రామమోహనరావు నోట్లో పడింది. ఆ వెనకే ఏదో చిన్నది, బూజు పట్టినది, తెల్ల ప్యాంటు మీద వాలింది. దానికి కళ్లున్నాయి.

ధన్! ఇంకో నాలుగు. నెత్తళ్ల తలకాయలు.

ధన్! ధన్! తలకాయలు, ముళ్లు, చివరికి చెమ్మగిల్లిన ఓ ముద్ద. అది ఆయన మేజోడు మీద పడి మెల్లగా కదలడం మొదలెట్టింది. దాన్నిండా తెల్ల పురుగులు. రామమోహనరావు రెండు కాళ్లూ సోఫా మీదికి లాక్కున్నాడు. నోట్లో పకోడీ ఉంది. మింగలేడు, ఉమ్మలేడు.

లక్ష్మీప్రసాద్ పెళ్లాం వైపు చూశాడు. భాగ్యరేఖ అతని లుంగీ వైపు చూసింది.

"నేను కాదు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

పాట ఆగలేదు. దెబ్బకో తలకాయ చొప్పున పెట్టె కక్కుతూనే ఉంది.

"ఆపరా ముందు దాన్ని!" కుర్చీలోంచి నూకమ్మ అరిచింది. పాట ఆగాక గొంతు తగ్గించింది. "కోడల్నేటీ అనకు. చప్పటి జావ ఎన్నాళ్లని తాగను? రెణ్ణెల్లై కిక్కురుమన్లేదు కదా, ఆ పెట్టి పాడైపోనాదనుకున్నాను. పళ్లు లేవు, తలకాయలు నమల్లేక అందులో ఏసీదాన్ని. తప్పు నాదేరా."