కోడిపెంట కూలి

కోళ్ళగూడు తలుపు తీయగానే నబుకీరకు కళ్ళు భగ్గుమన్నాయి.

వానలకు అడుగున పరిచిన కాఫీ పొట్టు నాని, పెంటతో కలిసి ముద్దయిపోయింది. ఆ ఘాటుకు కోళ్ళన్నీ గురగురలాడుతున్నాయి. రెండు అప్పటికే కాళ్ళు చాపేశాయి.

నబుకీర నెత్తిన చేతులు పెట్టుకుంది.

వానలు తగ్గగానే ఆమె కూతురు నంపీమాను చేసుకోబోయే అబ్బాయి తన పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తాడు. మసాకా పట్నం చుట్టుపక్కల అలాంటి రోజున పరువంతా కోళ్ళ మీదే ఉంటుంది. ఒక్కో పెద్దకు ఒక్కో కోడిని అరిటాకులో కట్టి, ఆవిరి మీద ఉడికించి పెట్టాలి. పెట్టలేకపోతే ఆ ముచ్చట మనవల దాకా చెప్పుకుంటారు.

"పొట్టు మార్చాలమ్మా."

కంచె అవతల ఎవరో ముసలామె. చంకలో బుట్ట.

"అది నాకూ కనపడుతోందిలే. నువ్వు మారుస్తావా ఏంటి?" నబుకీర విసుక్కుంది.

"మారుస్తా."

"కూలి?"

"ఈ పెంట చాలు."

నబుకీరకు నవ్వొచ్చింది. పని జరుగుతుంది, కంపూ పోతుంది. ఇంతకంటే వెర్రి బేరం ఎవరు చేస్తారు?

"రా అవ్వా, రా. కావలసినంత మోసుకుపో."

ముసలామె నడికట్టు బిగించి గూట్లో దూరింది. తడి ముద్దలన్నీ ఎత్తేసింది. నేల మీద బూడిద చల్లి, ఎండు పొట్టు మందంగా పరిచింది. గుప్పెడు తీసి పిసికి, చెయ్యి తెరిచి చూపించింది.

"ముద్ద కట్టకూడదమ్మా. ఇలా జలజలా రాలాలి."

తర్వాత నాలుగు జొన్నగింజలు ఆ పొట్టులోనే చల్లింది.

"అయ్యో, గింజలు పెంటపాలు చేస్తావేంటి?"

"వాటి కోసం అవే గీకి గీకి పొట్టు తిరగేస్తాయి. మనకెందుకు నడుం నొప్పి?"

అది మొదలు ఆమె రోజూ వచ్చేది. వానలు కురుస్తూనే ఉన్నాయి, గూడు మాత్రం పొడిగా ఉండేది. కోళ్ళ గురక తగ్గింది. నెత్తి మీది తురాయిలు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్తే తొలకరి మట్టి వాసన. నబుకీర నమ్మలేక మళ్ళీ మళ్ళీ వెళ్ళి పీల్చి వచ్చేది.

పని కాగానే ముసలామె పెంటను బుట్టకెత్తి, పైన అరిటాకు కప్పి, పసిపిల్లను ఎత్తుకున్నంత భద్రంగా తీసుకుపోయేది.

ఆ అరిటాకే కొంప ముంచింది.

"పెంటకు మూతెందుకే?" అంది పక్కింటి ఫెలిస్టా. "ఊరికే ఎవత్తయినా చాకిరీ చేస్తుందా? పెళ్ళీడు పిల్లున్న ఇల్లు. నీ ఇంట్లోంచి రోజూ ఏదో ఒకటి కావాలి దానికి. చేతబడే పిచ్చిమొహమా, చేతబడి!"



మర్నాడు ముసలామె బుట్ట ఎత్తుకోబోతుంటే లాగి బోర్లించింది.

"ఎవత్తివే నువ్వు? నా ఇంటి మీద పడ్డావేం?"

"పెంటే కదమ్మా..."

"పెంటకు ఆకు కప్పడమేంటి?"

"ఎండకు సారం పోతుందని తల్లీ."

"నా దగ్గరా నాటకాలు? నీకు పిల్లల్లేరా?"

"ఉంది. ఒక్కతే కూతురు."

"అయితే దాని దగ్గరికే పో! మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళిరగ్గొడతా."

ముసలామె ఆమె మొహంలోకి కాసేపు చూసింది. ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

గూటి పని నబుకీరే చేసుకుంది, ముసలామె చేసినట్టే. వానలు తగ్గాయి. పెద్దలు వచ్చారు. ఏ చేతబడీ తగల్లేదు. అరిటాకు పొట్లాలు విప్పుతుంటే వియ్యాలవారి మొహాలు వెలిగిపోయాయి.

"ఇంత పుష్టిగా ఎలా పెంచావమ్మా?" అని పెళ్ళికొడుకు తాత ముక్కున వేలేసుకున్నాడు.

నబుకీరకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారగానే ఒక కోడిని ఆకులో కట్టి ఉడికించింది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, పక్క ఊళ్ళో ముసలామె చోటు పట్టుకుంది.

ఎర్రగులక నేల. అరటిచెట్లన్నీ బక్కచిక్కి ఉన్నాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కదాన్ని చూసి నబుకీర నిలబడిపోయింది. అంత గెల ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నేలను తాకబోతుంటే చుట్టూ కర్రలు పోటు పెట్టారు. ఆకుల కింద ఇల్లంత నీడ. దాని మొదట్లో మన్ను నల్లగా, మెత్తగా ఉంది. తనకు తెలియకుండానే చెప్పులు విడిచేసింది.

పక్కనే కొత్త మట్టిదిబ్బ. దిబ్బ దగ్గర నెగడు. నెగడు ముందు ఒక ముసలాయన.

"అవ్వ కోసమా? మొన్ననే మట్టి చేశాం తల్లీ. నేను పొరుగువాణ్ణి, సెకిట్టో అంటారు."

నబుకీర దిబ్బ పక్కన కూర్చుని, చెట్టు మొదట్లోని నల్లమన్ను వైపు చూసింది.

"పెంటంతా ఈ ఒక్క చెట్టుకేనా తాతా?"

"దీనికే. ఈ మొదట్లోనే ఆమె కూతురు పుట్టినప్పటి మాయ పూడ్చారు మరి. పాలు మరవగానే ఆ పిల్లను తండ్రి తరఫువాళ్ళు లాక్కుపోయారు. 'నీ తల్లి చచ్చిపోయింది' అని ఆ పిల్లకు చెప్పి పెంచారట. పిల్ల పోయింది, చెట్టు మిగిలింది. రోజూ పెంట వేసి, బిడ్డకు అన్నం పెట్టినట్టు పేరు పెట్టి పలకరించేది."

నబుకీర ఆకుపొట్లం దిబ్బ మీద పెట్టింది.

"ఏమని?"

సెకిట్టో నెగడు ఎగదోస్తూ, "'కడుపు నిండిందా, నబుకీరా?' అనేది" అన్నాడు.