చుట్టాలు లేని అయోడిన్

"మేడమ్! అయోడిన్!"

టెక్నీషియన్ పెట్టిన కేకకి ఇన్‌ఛార్జి చేతిలో టీ ఒలికిపోయింది.

ఆ స్టేషన్ పని గాలిని వడకట్టడం. లోకంలో ఏ మూల ఎవరు దొంగచాటుగా అణుబాంబు పేల్చి చూసుకున్నా, దాని తాలూకు నలుసు ఎప్పటికైనా గాలిలో కొట్టుకొస్తుంది. దాన్ని పట్టడానికి దేశదేశాల్లో ఇలాంటి స్టేషన్లు పెట్టారు. పెద్ద ఫ్యాను గాలిని లాగుతుంది. తెల్లటి ఫిల్టరు దుమ్మును ఆపుతుంది. రోజూ ఫిల్టరు మార్చి, పాతదాన్ని కొంతసేపు పక్కన ఉంచి, తర్వాత సీసం గోడల పెట్టెలో పెట్టి పరీక్షిస్తారు.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం అది దుమ్మాఫీసు.

"ఇంట్లో బూజు దులపడు గానీ, లోకంలో దుమ్మంతా ఈయనకే కావాలి" అని టెక్నీషియన్ భార్య దెప్పుతూనే ఉంటుంది.

ఇన్‌ఛార్జి పరుగున వచ్చి తెర చూసింది. నిజమే. బాంబు పేలినప్పుడు పుట్టే రేడియోధార్మిక అయోడిన్ గీత నిటారుగా లేచి ఉంది.

"బాంబేనంటారా మేడమ్?" టెక్నీషియన్ తెర మీదికి వంగాడు.

"బాంబైతే అయోడిన్ ఒంటరిగా రాదయ్యా. సీజియం, బేరియం... చుట్టాలందరినీ వెంటేసుకొస్తుంది. ఇదేమో ఒక్కటే వచ్చింది."

అంటూనే ఆమె గడియారం చూసింది. కొలతలన్నీ వాటంతటవే ఈ స్టేషన్లన్నిటినీ నడిపే కేంద్రానికి వెళ్ళిపోతాయి. ఈపాటికి అక్కడా చూసే ఉంటారు. కిందటిసారి మిషను చెడిపోయి తప్పుడు కబురు వెళ్ళినప్పుడే అక్కడి పెద్దాయన ఖరాఖండిగా చెప్పాడు, ఇంకోసారి ఇలా జరిగితే స్టేషన్‌కి తాళమేనని. చదువు ముగించి నేరుగా ఇక్కడికే వచ్చి చేరింది ఆమె. ఈ స్టేషన్ అంటే ప్రాణం.

"ఈ ఫిల్టర్ని ఎవరెవరు ముట్టుకున్నారు?"

"నేనే మేడమ్. గ్లవ్స్ వేసుకునే."

"ఇంకెవరు?"

టెక్నీషియన్ నసిగాడు.

"ఇది బిగించిన రోజు ఒక పెద్దావిడ వచ్చింది మేడమ్. మెడకి స్కార్ఫు చుట్టుకుని. ఒక్కసారి చూసి పోతాను నాయనా అని ఒకటే బతిమాలింది. నేను వద్దనేలోపే ఫిల్టర్ని చేత్తో నిమిరేసింది, పసిపిల్లని నిమిరినట్టు."

"ఇదేమన్నా జూ అనుకున్నావా, వచ్చినవాళ్ళందరికీ తిప్పి చూపించడానికి!"

అతను తల వంచుకున్నాడు. ఆ పెద్దావిడ దిగిన లాడ్జి ఎక్కడో మాత్రం అతనికి తెలుసు.

బస్టాండు పక్క ఇరుకు గదిలో ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. కిటికీ గట్టు నిండా మందులే. ఇన్‌ఛార్జి చేతి రేడియేషన్ మీటరు తీసి ఆవిడ మెడ దగ్గర పెట్టింది. అది గోల గోల చేసింది.

"ఆస్పత్రిలో రేడియేషన్ ఉన్న అయోడిన్ మందు మింగారా?"

"మింగానమ్మా. గొంతులో గడ్డకి."

"అది చెమటలోంచి కూడా వస్తుంది. మీరు చెయ్యి పెట్టినందుకు మా కొంప మునిగేలా ఉంది!"

"ఆ అబ్బాయిని ఏమీ అనకమ్మా. నేనే మొండికేశాను. చెప్పి వస్తే అన్నీ తుడిచి ముస్తాబు చేసి చూపిస్తారు. పనిలో ఉండగా చూడాలనిపించింది."

ఆవిడ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"చెయ్యి తగిలితేనే కనిపెట్టేసిందా?"

"కనిపెట్టేసింది."

"సముద్రాలు దాటి వచ్చినా కనిపెడుతుందా?"

"మా కళ్ళు గప్పి ఎవడూ పేల్చలేడు." అంత కోపంలోనూ ఇన్‌ఛార్జి గొంతులో గర్వం దాగలేదు.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే స్కార్ఫు కొసతో కళ్ళు తుడుచుకుంది. కూతురు క్లాసులో ఫస్టు వచ్చిందని విన్న తల్లి మొహం అలా ఉంటుంది.

ఇన్‌ఛార్జికి ఒళ్ళు మండింది.

"మా స్టేషన్ మూసేస్తారని నేను ఏడుస్తుంటే మీకు నవ్వొస్తోందా?"

"మూయరమ్మా. మీ పెద్దాయనతో నేను మాట్లాడతాను."

"ఆహా, మీరు చెప్పడమే తరువాయి, ఆయన వినేస్తాడు!"

ఆవిడ ఏమీ అనుకోలేదు. మెల్లగా అడిగింది.

"ఇంకొక్కసారి వచ్చి, గేటు బయటే నిలబడి, ఆ ఫ్యాను చప్పుడు వినిపోవచ్చా?"

"వద్దు. మా చుట్టుపక్కలకే రావద్దు."

ఇన్‌ఛార్జి జరిగిందంతా కేంద్రానికి తెలిపింది. ఆ తర్వాత ఫోను మోగితే చాలు, గుండెల్లో రాయి పడేది.

చివరికి ఒక ఉదయం పెద్దాయనే ఫోను చేశాడు.

"మనిషి చెయ్యి తగిలితే అంటిన పిసరంత మందుని కూడా పట్టింది మీ స్టేషన్. ఇంత చురుకైనదాన్ని ఎవరైనా మూస్తారా? మిగతా స్టేషన్లన్నిటికీ మీ సంగతే చెబుతున్నాను."

ఇన్‌ఛార్జికి ఏనుగెక్కినంత సంబరమైంది. చేత్తో సైగ చేసింది. టెక్నీషియన్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

"ఆవిడ కూడా ఫోనులో అదే చెప్పారు. మీ ఇద్దరి గురించీ ఒకటే పొగడ్త. పోయేలోగా అన్ని స్టేషన్లూ చూడాలని బయల్దేరారు. మీదే ఆఖరిది." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నిన్న పోయారు."

గేటు దగ్గరికి కూడా రానివ్వనందుకు ఇన్‌ఛార్జి సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎవరు సార్ ఆవిడ?"

"బాంబు పరీక్షల బూడిద వాళ్ళ దీవి మీద రాలినప్పుడు, అదేమిటో చెప్పే దిక్కు లేక అందులో ఆడుకున్న పిల్లల్లో ఆవిడొక్కరే మిగిలారు. ఆ తర్వాత బతుకంతా దేశదేశాలూ తిరిగి, పెద్దపెద్దవాళ్ళని నిలదీసి, మీదానితో సహా ఈ స్టేషన్లన్నీ పెట్టించింది ఆవిడేనమ్మా."