అమ్మాయ్, పాలు

పదకొండో రోజున ఇల్లు కడిగాక, పొయ్యినీ దీపాలనీ కనిపెట్టుకుని ఉండి మాటతో గుర్తుచేసే ఇంటి సిస్టమ్‌ని కూడా చెరిపేసి కొత్తది వేయించుకోవడం అప్పటికి ఊళ్లో ఆనవాయితీ అయిపోయింది. చెరపకపోతే, అది విని నేర్చుకున్న పోయినవాళ్ల గొంతుతో ఇల్లు పిలుస్తూనే ఉంటుంది.

హైమకు ఆ పిలుపంటేనే భయం. తను పోయిన సాయంత్రం అత్తగారు సుభద్రమ్మ వంటింట్లోంచి "అమ్మాయ్, పాలు" అని పిలిచింది. రోజూ ఉండే సణుగుడేలే అని హైమ లేవలేదు. తీరిగ్గా వెళ్లేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తగారు నేల మీద పడి ఉంది.

పదకొండో రోజున, బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడిపే మస్తాన్‌బీ, అందరికీ ఉచితంగా దొరికే ఆ సిస్టమ్‌ని డౌన్‌లోడ్ చేసి, ఫైలు మారిపోలేదని దాని అంకెలు సరిచూసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వచ్చింది. పాతది ఆనవాలు లేకుండా చెరిపి కొత్తది వేసింది.

హైమ పొయ్యి మీద పాలు పెట్టింది.

"అమ్మాయ్, పాలు" అంది ఇల్లు.

మస్తాన్‌బీ మళ్లీ డౌన్‌లోడ్ చేసి మళ్లీ వేసింది. మళ్లీ అదే గొంతు. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది.

"అక్కా, ఇది మీ ఇంట్లో మిగిలింది కాదు. ఈ సిస్టమ్ పదిమందీ తలో చెయ్యి వేసి చేసేది. తెలుగు గొంతు కావాలంటే పోయినేడు పెద్దమ్మే నా షాపులో కూర్చుని, ఈ పాల పిలుపుతో సహా మాటలన్నీ చదివిచ్చింది. 'నా కోడలెలాగూ వినదు, ఊరైనా వింటుంది' అని నవ్వింది కూడా. ఈ నెల నుంచీ అందరి ఇళ్లలోకీ వస్తోంది."

హైమ పొయ్యి కట్టేసి వీధిలోకి వచ్చింది. పాలు కాచుకునే వేళ. ఒక్కో వంటింట్లోంచీ సుభద్రమ్మ పిలుస్తోంది.

ఏ ఇంటివైపు తిరగాలో తెలియక, హైమ వీధి మధ్యే నిలబడి, "వస్తున్నా అత్తయ్యా" అంది.