సంగారెడ్డి బోర్డు

"గీ బోర్డు ఎవడు రాసిండ్రా?" అన్నాడు సత్యానందం.

బొమ్మ విమానం ముక్కు మీద, మా ఊరి బస్సుకు ఉన్నట్టే, "సంగారెడ్డి, వయా పటాన్‌చెరు" అని తెల్లరంగుతో రాసింది నేనే. పాత ప్లాస్టిక్ జెట్ కిట్ అది. సత్యానందం వాళ్లన్న సగం అతికించి వదిలేసి వైమానిక దళంలో చేరాడు. నిరుడు యుద్ధంలో జాడ లేకుండా పోయాడు. అన్న వచ్చేసరికి పూర్తిచేయాలని సత్యానందం దాని అతుకులు గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ, పటాన్‌చెరు ఫ్యాక్టరీలన్నీ కలిసి లేపినదానికంటే ఎక్కువ దుమ్ము లేపాడు.

"ఎవడో కండక్టర్ అయి ఉంటడు," అన్నాను, నవ్వు బిగబట్టి.

అతను కిరోసిన్ గుడ్డ అందుకున్నాడు. ఇంతలో వాళ్లమ్మ ఏసమ్మ వచ్చి, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"తుడవకు బిడ్డా," అంది. "ఉండనియ్యి. మీ అన్న ఇంటి తొవ్వ మర్చిపోయిండేమో."

తెల్లరంగు అంటిన చేతిని జేబులో దాచుకున్నాను.